చిన్నప్పటి టీవీ గేముల్లో నాకు మొదటిది ట్యాంకులే

చిన్నప్పుడు ఇంట్లో టీవీకి పెట్టుకుని ఆడిన వీడియో గేముల్లో బాగా ఇష్టమైనవి ఏవి, ఇప్పుడు ఆడినా అంత బాగుంటాయా అని అడిగారు. చాలామంది మారియో అనో కాంట్రా అనో చెబుతారు. నాకు ఆ రెండూ ఇష్టమే. కానీ ఒక్కటే చెప్పమంటే బ్యాటిల్ సిటీ అంటానండి. మా ఊళ్ళో ఆ పేరు ఎవరికీ పట్టలేదు, అందరం 'ట్యాంకులు' అనే అనేవాళ్ళం. అదే ఎందుకో చెప్పాలంటే ముందు మా ఇంటికి ఆ మిషను ఎలా వచ్చిందో కాస్త చెప్పాలి.

మాది రాజోలు దీవిలో ఒక పల్లెటూరు. పడమర వశిష్ఠ, తూర్పున వైనతేయ, రెండూ గోదావరి పాయలే, దక్షిణాన సముద్రం. మా వైపు గల్ఫ్ వెళ్ళిన మనిషి లేని వీధి ఉండదు. మా చిన్నత్త కువైట్‌లో పనిచేసేది. వాళ్ళబ్బాయి, అంటే మా బావ, మా ఇంట్లోనే ఉండి చదువుకునేవాడు. 1994లో అత్త సెలవు మీద వచ్చినప్పుడు పౌడరు డబ్బాలు, దుప్పట్లతో పాటు వాడి కోసం ఈ వీడియో గేమ్ తెచ్చింది. రెండు రిమోట్లు, ఒక తుపాకి, ఒక పసుపు రంగు క్యాసెట్. అత్త తిరిగి వెళ్ళిపోయాక వాడు దాన్ని ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు, నన్నూ మా తమ్ముణ్ణీ తప్ప.

పెట్టె మీద ఏ పేరున్నా, లోపలున్నది మాత్రం నింటెండో కంపెనీ 1983 జులైలో జపాన్‌లో విడుదల చేసిన ఫ్యామికామ్ అనే గేమ్ మిషనుకి నకలు. మన దగ్గర మీడియా, లిటిల్ మాస్టర్ అనే పేర్లతో అమ్మినవి కూడా ఆ కోవవే. అందుకే మీరు గుంటూరులో పెరిగినా, నేను రాజోలులో పెరిగినా మన ఆటలు ఒక్కటే అయ్యాయి. క్యాసెట్ మీద '9999 ఇన్ 1' అని ఉండేది కానీ అన్ని ఆటలు ఏ క్యాసెట్‌లోనూ ఉండవు. అవే కొన్ని ఆటలు, ఒకసారి మొదటి స్టేజీ నుంచి, ఇంకోసారి ఐదో స్టేజీ నుంచి, వేరే వేరే పేర్లతో వస్తూ ఉంటాయి. ఆ జాబితాలో కొత్తది దొరుకుతుందేమోనని కిందికి దిగుతూ పోవడం కూడా మాకు ఆటే.

ఇక ట్యాంకుల సంగతి. నామ్కో కంపెనీ 1985లో తెచ్చిన ఆట ఇది. మొత్తం 35 స్టేజీలు. ఒక్కో స్టేజీలో 20 శత్రు ట్యాంకులు పై వరుసలో మూడు చోట్ల నుంచి దిగుతాయి. కింద సరిగ్గా మధ్యలో గద్ద బొమ్మ, దాని చుట్టూ ఇటుక గోడ. గద్దకు ఒక్క గుండు తగిలితే చాలు, చేతిలో ఎన్ని లైఫులున్నా ఆట అయిపోతుంది. తగిలింది మన గుండే అయినా అంతే. కాబట్టి ఇద్దరు ఆడేటప్పుడు ఒకరు ముందుకు వెళ్ళాలి, ఒకరు గద్ద దగ్గర కాపలా ఉండాలి. బావ ఎప్పుడూ ముందుకే. కాపలా నాది. పవర్లలో కూడా మా గుణాలు తెలిసిపోయేవి. వాడికి నక్షత్రం కావాలి, మూడు నక్షత్రాలు పడితే ఉక్కు గోడలు కూడా పగులుతాయి. నాకు పార కావాలి, అది తీసుకుంటే గద్ద చుట్టూ ఉన్న ఇటుక గోడ కాసేపు ఉక్కు గోడ అవుతుంది.

మాది నలుపు తెలుపు టీవీ. మొదటి ఆటగాడి ట్యాంకు పసుపు, రెండో ఆటగాడిది ఆకుపచ్చ అని కలర్ టీవీ ఉన్న ఇంటికి వెళ్ళాకే తెలిసింది. మా తెరపై రెండూ ఒకే బూడిద రంగు. తోటివాడి గుండు తగిలితే మనం చావం కానీ కాసేపు కదల్లేక నిలబడిపోతాం, సరిగ్గా అప్పుడే శత్రువు వచ్చేస్తాడు. అందుకని స్టేజీ మొదలవగానే "బావా, ఒకసారి కదులు, నువ్వెవరో చూడాలి" అనేదాన్ని. ఆట మొత్తం మాట్లాడుకుంటూనే ఉండాలి. ఎడమ వైపు వస్తున్నాడు, నేను చూసుకుంటా, నువ్వు కిందికి రా. పక్కన కూర్చున్న మనిషితో ఇంత మాట్లాడించిన ఆట నాకు మళ్ళీ దొరకలేదు.

కానీ నేను దీన్ని అన్నిటికంటే పైన పెట్టడానికి కారణం వేరే ఉంది. మెనూలో ఒక ఆటగాడు, ఇద్దరు ఆటగాళ్ళు అనే వరుసల కింద 'కన్‌స్ట్రక్షన్' అని మూడోది ఉంటుంది. అందులోకి వెళ్తే ఖాళీ మైదానం వస్తుంది, కింద గద్ద మాత్రమే ఉంటుంది. ఇటుక, ఉక్కు, నీళ్ళు, చెట్లు, మంచు, ఈ ఐదింటితో మన స్టేజీ మనమే కట్టుకోవచ్చు. ఎక్కడో జపాన్‌లో కూర్చుని 1985లో ఈ ఆట చేసినవాళ్ళు ఒక పల్లెటూరి పిల్లల చేతికి ఇంత స్వేచ్ఛ ఇచ్చారంటే నాకు ఇప్పటికీ గౌరవమే.

మేమేం కట్టామో ఊహించే ఉంటారు. మా దీవినే కట్టాం. ఎడమ పక్క పైనుంచి కిందిదాకా నీళ్ళు, అది వశిష్ఠ. కుడి పక్క నీళ్ళు, అది వైనతేయ. మధ్యలో అంతా చెట్లు, అవి కొబ్బరి తోటలు. అడుగు వరుసల్లో మంచు పెట్టి సముద్రపు ఒడ్డున ఇసుక అనుకున్నాం. గద్ద ఎలాగూ కింద ఉంది కాబట్టి అది నరసింహస్వామి గుడి ఉన్న అంతర్వేది అయింది. మా నాయనమ్మ చూసి "స్వామివారి దగ్గర గరుత్మంతుడుండడం సబబేగా" అంది. నిజానికి అంతర్వేది వశిష్ఠ సముద్రంలో కలిసే చోట, అంటే ఎడమ మూలన ఉండాలి, కానీ గద్దను కదపడానికి ఆట ఒప్పుకోదు. శత్రువులు పై వరుసలో దిగేవారు, అంటే గన్నవరం అక్విడెక్టు (ఏటి మీది కాలువ వంతెన) వైపు నుంచి. ఎడమ పక్క నీళ్ళలో ఒకచోట ఒక గడి ఖాళీగా వదిలేవాళ్ళం. అది సఖినేటిపల్లి పంటు, అంటే ఏరు దాటించే పెద్ద పడవ, దాని మీదుగా నర్సాపురం వెళ్ళాలి.

ఇది ఊరికే బొమ్మ వేసుకోవడం కాదండి. ఆటలో నీళ్ళను ట్యాంకు దాటలేదు, కానీ గుండు దాటుతుంది. చెట్ల కిందికి దూరిన ట్యాంకు కనబడదు. ఏటి గట్టు మీద పెరిగిన పిల్లలకు ఈ రెండు లెక్కలూ వెంటనే తలకెక్కాయి. పంటు దగ్గర నిలబడితే వశిష్ఠ అవతలి ఒడ్డు మీద వచ్చేవాణ్ణి ఇవతలి నుంచే కొట్టొచ్చు. పంటు గడి మూసేస్తే శత్రువు ఇటు రాలేడు, మనం అటు పోలేం. ఆ గడి ఏ వరుసలో ఉండాలన్న దాని మీద మేం ముగ్గురం చాలాసార్లు గొడవ పడ్డాం. పెద్ద గొడవలే.

ఒకటే బాధ, మిషను ఆపితే కట్టిందంతా పోతుంది. దాచుకునే ఏర్పాటు అందులో లేదు. మా ఊళ్ళో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. అందుకని బావ గళ్ల నోటుపుస్తకంలో పటాలు గీయడం మొదలుపెట్టాడు. ఆ మైదానం అడ్డంగా 13 గడులు, నిలువుగా 13 గడులు. పెన్సిల్‌తో హద్దు గీసి ఇటుకకు 'ఇ', ఉక్కుకు 'ఉ', నీళ్ళకు 'నీ', చెట్టుకు 'చె' అని రాసేవాడు. మళ్ళీ కరెంటు రాగానే మా తమ్ముడు చదువుతుంటే బావ నొక్కేవాడు.

1996 నవంబరు 6 రాత్రి తుఫాను వచ్చింది. కోనసీమ వాళ్ళకు ఆ తేదీ గురించి వేరే చెప్పక్కర్లేదు. ప్రాణాలు పోయాయి, ఇళ్ళు పోయాయి, ఎక్కడ చూసినా కొబ్బరి చెట్లు నేలమీద. మాకు కరెంటు లేకుండా చాలా రోజులు గడిచాయి. ఆ రోజుల్లో బావ లాంతరు ముందు కూర్చుని పటాలు గీస్తూనే ఉండేవాడు. వాళ్ళమ్మకు మా క్షేమం తెలియడానికి కూడా ఆలస్యమైంది. కరెంటు వచ్చాక ఆ పటాలన్నీ ఒక్కొక్కటే కట్టి ఆడాం. వాటిలో చెట్లు మునుపటికంటే ఎక్కువ. మరీ అన్ని చెట్లుంటే శత్రువు కనబడక ఆట కష్టమవుతుందని చెప్పినా వాడు తగ్గించలేదు.

కాంట్రా గురించి అందరూ రాస్తారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. కొనామీ వాళ్ళది, 1987లో ఆర్కేడ్ మిషన్లలో వచ్చి, మరుసటి ఏడాది ఇళ్ళలోకి వచ్చింది. ఎనిమిది స్టేజీలు, చేతిలో 3 లైఫులు. పైన పైన కింద కింద ఎడమ కుడి ఎడమ కుడి బి ఎ అని నొక్కితే 30 లైఫులు వస్తాయి. అది మాకు ఎక్కంలా నోటికి వచ్చేది. కజుహిసా హషిమోతో అనే ఆయన 1986లో గ్రేడియస్ అనే గేమును ఫ్యామికామ్‌కి తెచ్చేటప్పుడు, దాన్ని పరీక్షించడం తనకే కష్టంగా ఉండి ఈ వరుస పెట్టుకున్నారు. ఆయన 2020లో పోయారని చదివినప్పుడు నాకు నిజంగా బాధ కలిగింది. ఇందులో నాకు ప్రాణం మూడో స్టేజీ, జలపాతం. ఇద్దరిలో ఒకరు తొందరపడి పైకి ఎగిరితే తెర పైకి జరిగి కిందున్నవాడు చచ్చిపోతాడు. పక్కవాడి కోసం ఆగకపోతే ఆ స్టేజీ గట్టెక్కదు. ఒకేసారి చాలా గుండ్లు వదిలే 'ఎస్' గన్ ఎవరికి వస్తుందన్న పోటీ ఎంతున్నా ఇక్కడ మాత్రం ఆగాల్సిందే.

మారియో 1985 నాటిది. ఎనిమిది లోకాలు, ఒక్కోదానిలో నాలుగు, మొత్తం 32 స్టేజీలు, అదంతా 40 కిలోబైట్లలో పట్టించారు. ఇప్పుడు మనం ఫోన్‌లో పంపుకునే ఒక్క ఫొటో దానికంటే పెద్దది. ఆకాశంలో మేఘం, నేల మీద పొద రెండూ ఒకే బొమ్మ, రంగు మాత్రం వేరు. ఈసారి చూడండి. ఇందులోనూ దాచుకోవడం లేదు కాబట్టి కరెంటు పోతే మళ్ళీ మొదటికే. అందువల్ల మాకు దొంగదారులు చాలా అవసరం. 1-2లో, అంటే మొదటి లోకం రెండో స్టేజీలో, చివర పైకప్పు ఎక్కి నడిచి వెళ్తే గొట్టాలు వస్తాయి, అక్కణ్ణుంచి నాలుగో లోకం. 4-2లో ఒక ఇటుక నుంచి తీగ లేస్తుంది, అది ఎక్కితే ఎనిమిదో లోకం దాకా పోవచ్చు. రాకుమారిని కాపాడిన రోజు మా ఇంట్లో పాయసం వండలేదు కానీ వండినంత పనైంది.

తుపాకి ఆట, డక్ హంట్, అత్తకు ఇష్టం. తర్వాతి సెలవుల్లో వచ్చినప్పుడు ఎక్కువగా అదే ఆడింది. ఆ తుపాకి ఏదో వదులుతుందని మేమనుకునేవాళ్ళం. అది ఏమీ వదలదు, చూస్తుంది. ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, తర్వాత బాతు ఉన్న చోట తెల్ల గడి మెరుస్తుంది. ముందు చీకటి, వెంటనే వెలుగు కనిపిస్తే తగిలినట్టు. అందుకే బల్బు వైపు గురిపెట్టి కాల్చినా లాభం లేదు. ఒక్క బాతు వచ్చే ఆటలో ఇంకొకరు రిమోట్‌తో ఆ బాతును నడపొచ్చు. అత్త కాలుస్తుంటే బావ బాతును అటూ ఇటూ తిప్పేవాడు. వాళ్ళిద్దరూ అలా ఆడుకుంటుంటే మేం మా వంతు అడిగేవాళ్ళం కాదు.

రోడ్ ఫైటర్, సర్కస్ చార్లీ, ఎక్సైట్‌బైక్ కూడా ఆడాం, బాగుంటాయి. కానీ ఒంటరి ఆటలు, నాకు అంతగా గుర్తులేవు.

ఇప్పుడు ఆడినా బాగుంటాయా అన్నారు. మారియోకి ఏ ఢోకా లేదు, ఆ గెంతు ఇప్పటికీ అంతే హాయిగా ఉంటుంది. కాంట్రాను కొనామీ వాళ్ళే 2019లో ఆ వరుసలోని పాత ఆటలతో కలిపి కొత్త మిషన్లకూ కంప్యూటర్లకూ మళ్ళీ విడుదల చేశారు, పక్కన మనిషి ఉంటేనే ఆడండి. డక్ హంట్ పాత తుపాకితో ఇప్పటి ఎల్ఈడీ టీవీల మీద పనిచేయదు, దానికి పాత పిక్చర్ ట్యూబు టీవీయే కావాలి. అటక మీద పాత క్యాసెట్ ఉంటే నోటితో ఊదకండి, ఆ తడికి పిన్నులు తుప్పు పడతాయి. మా సముద్రపు గాలికి అసలే తొందరగా పడతాయి. అప్పట్లో ఊదితే పనిచేసిందనుకున్నది తీసి మళ్ళీ పెట్టడం వల్లే. పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి గుడ్డతో తుడిస్తే చాలు.

ట్యాంకులు ఆడితే మాత్రం నేరుగా మొదటి స్టేజీకి పోకుండా మూడో వరుసలోకి వెళ్ళండి. బాణం మీటలతో గడి మీదికి వెళ్ళి ఎ నొక్కుతూ ఉంటే ఇటుక, ఉక్కు, నీళ్ళు, చెట్లు ఒకదాని తర్వాత ఒకటి మారతాయి. అయ్యాక స్టార్ట్ నొక్కి బయటికి వచ్చి ఇద్దరు ఆటగాళ్ళు అన్నది ఎంచుకోండి, మీరు కట్టిందే మొదటి స్టేజీగా వస్తుంది. మీ ఊరు కట్టండి. పై వరుసలో మూడు చోట్లా, గద్ద పక్కన మీ ట్యాంకులు మొదలయ్యే చోట్లా ఏమీ పెట్టకండి, మిగతాదంతా మీ ఇష్టం.