రాక్షసుణ్ణి కొనే ముందు వీపు చూడు

మూలపేట, నెల్లూరు

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. ఒంగోలు నుంచి నువ్వు పంపిన ఫోటోలు రెండూ చూశాను. మర్రి ఊడల మధ్య తలకిందులుగా వేలాడే బ్రహ్మరాక్షసి, కింద దీపం పట్టుకుని నిలబడ్డ ముసలమ్మ. ఊహ బాగుంది. ముసలమ్మ భయపడకుండా రాక్షసి వైపు విసుగ్గా చూడటం ఇంకా బాగుంది. చిత్రకారుడు స్వయంగా కాన్వాసు మీద వేసిన ఒకే ఒక్క బొమ్మ అని చెప్పి, అమ్మినవాడు ఆరు వేలు తీసుకున్నాడని రాశావు. అల్లుడూ, అది చేత్తో వేసింది కాదు, యంత్రం మీద తీసిన అచ్చు.

ఎలా తెలిసిందంటావా? రాక్షసి నాలుకను దగ్గరగా తీసిన రెండో ఫోటోలో ఎరుపే లేదు. గులాబీ చుక్కలూ పసుపు చుక్కలూ పక్కపక్కన ఉన్నాయి, దూరం నుంచి చూసే కన్ను వాటిని ఎరుపుగా కలుపుకుంటోంది. మనిషి కలిపిన ఎరుపు భూతద్దం కింద కూడా ఎరుపుగానే ఉంటుంది. (భూతాల బొమ్మలు కొనేవాడి జేబులో ఉండవలసింది భూతద్దమే. ఆ మాట పుట్టించినవాడెవరో మనలాంటి భూతాల పిచ్చివాడే.) చేత్తో తడిమితే కుంచె గరుకు తగులుతోందని కూడా రాశావు. కాన్వాసు మీద అచ్చువేసి, పైన రంగులేని జిగురు పూసి కుంచె లాగితే ఆ గరుకు వస్తుంది. రాత్రి గదిలో లైటు ఆపి, టార్చిని బొమ్మ అంచుకు ఆనించి పక్క నుంచి వెలుగు వేసి చూడు. ఊడలు కిందికి దిగుతుంటే గరుకు గీతలు అడ్డంగా పోతున్నాయనుకో, ఆ గీతలకూ ఆ బొమ్మకూ చుట్టరికం లేనట్టే.

బాధపడకు. నేను ఇంతకంటే తెలివితక్కువగా మోసపోయాను. మద్రాసులో మూర్ మార్కెట్టు 1985లో కాలిపోయింది. అంతకు రెండేళ్ళ ముందు అక్కడ పాత పుస్తకాల మధ్య ఒకతను బేతాళుడి బొమ్మ చూపించి, చందమామకు శంకర్ గారు వేసిన అసలు బొమ్మ ఇదేనన్నాడు. కత్తి పట్టిన విక్రమార్కుడు, భుజాన శవం, వెనక శ్మశానం. శంకర్ అనే కె.సి. శివశంకరన్ గారి గీత తెలియని ఇల్లు అప్పట్లో మన వీధిలో లేదు. అరవై రూపాయలు ఇచ్చేశాను. రైలు గూడూరు చేరేలోపు సంచిలోంచి నాలుగుసార్లు తీసి చూసుకున్నాను. ఇంటికొచ్చి పాత సంచికలోని బొమ్మ పక్కన పెడితే రెండూ సరిగ్గా ఒకే కొలత! అచ్చుకోసం వేసే బొమ్మను పెద్దగా వేస్తారు, అచ్చు వేసే లోహపు బ్లాకు చేసేటప్పుడు తగ్గిస్తారు. తగ్గితే గీత బిగుస్తుంది, చిన్న వణుకులు కనబడవు. ఆ అరవై రూపాయల బొమ్మ, అచ్చు మీద పల్చటి కాగితం పెట్టి దిద్దింది. గీత అంతా ఒకే మందం, తడుముకుంటూ నడిచిన గీత. కింద పెన్సిలు జాడ కూడా లేదు.

అసలైనది ఎలా ఉంటుందో చెబుతాను. నా దగ్గర వారపత్రిక సీరియల్‌కు వేసిన బొమ్మ ఒకటి ఉంది. ఐవరీ కార్డు అనే నున్నటి దళసరి అట్ట మీద ఇండియన్ ఇంకు, అంటే చిక్కటి నల్ల ఇంకు. గుమ్మంలో ఆడమనిషి, ఆమె నీడ మాత్రం మనిషిది కాదు. నీడకు కోరలున్నాయి. వెలుతురుకు వంచి చూస్తే కోరల కింద తెల్లరంగు పూత మెరుస్తుంది, దాని అడుగున ఇంకా పొడవైన కోరలు కనిపిస్తాయి. చిత్రకారుడే తగ్గించాడో, ఎడిటరు తగ్గించమన్నాడో. నాకు మాత్రం బొమ్మలో అన్నిటికంటే భయం వేసేది ఆ చెరిపేసిన కోరలే. అంచున నీలం పెన్సిలుతో ఎంత వెడల్పుకు తగ్గించాలో రాసి ఉంది. తిప్పితే బంక మరకలు, ఆఫీసు ముద్ర, సంచిక తేదీ. అందుకే ఎప్పుడూ ముందు బొమ్మ వీపు చూపించమని అడుగు. ముఖానికి ఎవరైనా వేషం వెయ్యగలరు, వీపు దాకా ఎవరికీ ఓపిక ఉండదు.

ఇన్ని ఉన్నాయి కానీ సంతకం లేదు. ఎవరు వేశారో ఈనాటికీ తెలియదు. పత్రిక ఆఫీసుల్లో అచ్చయిపోయిన బొమ్మను తిరిగి ఇచ్చే అలవాటు తక్కువ, పాత కాగితాల బరువుతో కలిసి చాలా పోయాయి. నువ్వు అమెరికా ధరలు రాశావు చూడు, ఆ అమెరికా చిత్రకారుడు ఫ్రాంక్ ఫ్రజెటా బొమ్మ 2019లో 54 లక్షల డాలర్లకు పోయిన మాట నిజమే. అది 1969లో ఒక భయానక కథల పత్రిక ముఖచిత్రం. కానీ ఆయన ఒరిజినల్స్‌ను పత్రికకు వదిలేయకుండా వెనక్కి తీసుకున్న మనిషి. మనవాళ్ళకు ఆ వీలు లేకపోయింది. ఆ అంకెను ఇక్కడి బేరంలోకి తీసుకురావద్దు. రేపు లాభానికి అమ్మాలని కొంటే గనక, భూతాలకంటే బంగారం మేలు.

నీకు డబ్బు తక్కువ, కాలు ఓపిక ఎక్కువ. కాబట్టి రాక్షసుడు ఊళ్ళోనే ఎక్కడ ఉన్నాడో చూడు. కడుతున్న ప్రతి ఇంటికీ దిష్టిబొమ్మ వేలాడుతుంది. ఇప్పుడు అన్నీ అచ్చులో పోసిన ప్లాస్టిక్ ముఖాలే. ఒకప్పుడు రేకు మీద చేత్తో వేసేవారు. కావలి రోడ్డులో ఒక గోడ కింద ఎండకు పొట్టు లేచిన రేకు దొరికింది నాకు. ఎర్రటి నాలుక, మెలితిప్పిన మీసం, కనుగుడ్లలో ఒకటి కొంచెం పక్కకు చూస్తోంది. ఏ వైపు నడిచినా ఆ కన్ను మనల్ని వదలదు. ఇంటి యజమానికి కొత్త బొమ్మ కొనిచ్చి అది తెచ్చుకున్నాను. మీ అత్తయ్య దాన్ని పూజగదికి ఎదురుగా పెట్టనివ్వలేదు. పక్కింటి దిష్టి పోతుందంటే ఒప్పుకుంది.

తోలుబొమ్మల సంగతి వేరు, అక్కడ తొందరపడితే చట్టం మెడకు చుట్టుకుంటుంది. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఆ ఆట ఆడిన కుటుంబాలు ఉన్నాయి, రావణుడు, కుంభకర్ణుడు వాళ్ళ పెట్టెల్లోనే పుట్టారు. పాతవాళ్ళ లెక్కలో పదితలల రావణుడికి నాలుగు తోళ్ళు కావాలి. ఒంటికి ఒకటి, కాళ్ళకు ఒకటి, ఇటు ఐదు చేతులకు ఒకటి, అటు ఐదు చేతులకు ఒకటి. తెల్లగుడ్డ వెనక దీపం ముందు పట్టినప్పుడు ఉలితో కొట్టిన రంధ్రాల్లోంచి వెలుగు వచ్చి నగలవుతుంది, పల్చటి తోలులోంచి ఎరుపు నిప్పులా మండుతుంది. గోడకు తగిలిస్తే అదే రావణుడు వెలిసిపోయిన గుడ్డలా ఉంటాడు. కాబట్టి ఎప్పుడూ వెలుతురుకు ఎదురుగా పట్టి చూసి కొను. అయితే చాలా పాత బొమ్మల్లో జింక తోలు వాడారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత ఆ తోలును కాగితాలు లేకుండా దగ్గర పెట్టుకోవడమే నేరం. తోలు ఏమిటో అమ్మేవాడు తేల్చి చెప్పకపోతే లేచి వచ్చెయ్యి. ఇప్పుడు చేసేవి మేకతోలువి, అవే కొను. వందేళ్ళు దాటిన బొమ్మ అంటే పురావస్తువుల చట్టం కూడా వస్తుంది, ఆ జోలికి ఇప్పుడే పోవద్దు.

నా దగ్గరున్న రావణుణ్ణి 1991లో చేసినవాడి చేతి నుంచే కొన్నాను. అరుగు మీద కూర్చుని అతనితో టీ తాగాను, పిల్లల చదువుల గురించి మాట్లాడుకున్నాం. పేరు మాత్రం అడగలేదు. ఇది రాస్తుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంది. నువ్వు కొన్న ప్రతి బొమ్మ వెనకా మెత్తటి పెన్సిలుతో చేసినవారి పేరు, ఊరు, తేదీ, ఇచ్చిన డబ్బు రాసిపెట్టు. పెన్నుతో వద్దు, ఇంకు ముందుకు ఊరుతుంది.

కొత్తది వేయించుకోవాలంటే ఒంగోలులో బ్యానర్లు రాసి మానేసిన పెయింటర్లు ఉంటారు, డ్రాయింగు మాస్టర్లు ఉంటారు. ఫోనులో బొమ్మ చూపించి ఇలాగే వెయ్యమని అడగొద్దు. చిన్నప్పుడు మిమ్మల్ని దేనితో భయపెట్టేవారని అడుగు. వాళ్ళ బామ్మ చెప్పిన దయ్యం ఎలా ఉండేదో అదే వెయ్యమను. సగం డబ్బు ముందే ఇవ్వు, బేరం ఆడకు. ఒక కాగితం రాసుకోండి. సిద్ధంగా ఉన్న బొమ్మ కొంటే కాగితమే నీది, అచ్చువేసే హక్కు గీసినవాడిదే. నువ్వు చెప్పి వేయించుకున్నదానికి లెక్క మారుతుంది, అందుకే ఎవరికి ఏ హక్కో ముందే రాసుకోవాలి.

ఇక వాన. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన గాలి ఎలా ఉంటుందో నీకు తెలుసు. బయటి గోడకు ఏ బొమ్మా తగిలించవద్దు. గాజు బొమ్మకు అంటకుండా మధ్య అట్ట ఉండాలి. తోలుబొమ్మను చుట్టవద్దు, నూలుగుడ్డల మధ్య పరిచి పెట్టు. లామినేషన్ మాట ఎత్తవద్దు. కోరల బొమ్మకు జతగా ఇంకో బొమ్మ ఉండేది నా దగ్గర. చెమ్మ నుంచి కాపాడదామని లామినేషన్ చేయించాను. 2015 నవంబరు వానలకు లోపల చిక్కుకున్న తడి బయటికి పోలేక ముఖమంతా బూజు పట్టింది. విప్పబోతే ఇంకు ప్లాస్టిక్‌తో పాటే లేచి వచ్చింది. దెయ్యం మాత్రం చెక్కుచెదరలేదు, కథానాయిక పోయింది.

నీ బ్రహ్మరాక్షసిని పారేయకు. వేసిన చెయ్యి ఎక్కడో ఉంది, అచ్చు మూలన సంతకం కనిపిస్తోంది, ఆ మనిషిని వెతికి ఉత్తరం రాయి. అసలుది ఇంకా వాళ్ళ దగ్గరే ఉండవచ్చు. సంక్రాంతికి వచ్చేటప్పుడు ఫ్రేము విప్పి బొమ్మ ఒక్కటే తీసుకురా, టార్చి నా దగ్గర ఉంది. మీ అమ్మ ఎంతయిందని అడిగితే ఆరు వందలని చెప్పాను, నువ్వూ అదే మాట మీద ఉండు.

నీ మామయ్య