ఎన్‌సీసీ ఆఫీసర్ కావడానికి అమ్మాయిని బీఈడీలో చేర్చాలా?

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. మా అమ్మాయి బీఎస్సీ రెండో సంవత్సరం, ఎన్‌సీసీలో బాగా చురుకు, ఈమధ్యే బీ సర్టిఫికెట్ పరీక్ష రాసింది. ఆర్మీ ఆఫీసర్ అవుతానని పట్టుబడుతోంది. మా బంధువు ఒకాయన కాలేజీలో లెక్చరర్‌గా చేస్తూనే ఎన్‌సీసీలో లెఫ్టినెంట్ అయ్యారు, ఊళ్లో మంచి గౌరవం. అమ్మాయి కూడా అలా పార్ట్ టైమ్ ఆఫీసర్ అయితే యూనిఫామూ ఉంటుంది, ఇంటి దగ్గరా ఉంటుంది అని డిగ్రీ అవగానే బీఈడీలో చేర్చాలనుకుంటున్నాం. టెరిటోరియల్ ఆర్మీ కూడా ఇలాంటిదే అంటున్నారు. రెండిట్లో ఏది మంచిది?

జవాబు: అయ్యా, ఈ ప్రశ్న గుణుపురం నుంచీ వస్తుంది, పర్లాకిమిడి నుంచీ వస్తుంది, అవతల మహారాష్ట్రలోని సిరొంచ, బల్లార్షా వైపు నుంచీ వస్తుంది. అబ్బాయి గురించి అడిగే తండ్రి ఎస్‌ఎస్‌బీ, అంటే సైన్యంలో ఆఫీసర్లని ఎంపికచేసే ఇంటర్వ్యూకి, కోచింగ్ ఎక్కడ బాగుంటుందని అడుగుతాడు. అమ్మాయి దగ్గరకొచ్చేసరికే ఈ "పార్ట్ టైమ్" అనే మాట బయటికొస్తుంది. దాని సంగతి తర్వాత మాట్లాడతాను, ముందు మీరు అడిగింది చెబుతాను.

మీ బంధువు చేస్తున్న దాన్ని అసోసియేట్ ఎన్‌సీసీ ఆఫీసర్, అంటే ఏఎన్‌ఓ అంటారు. అది విడిగా ఒక ఉద్యోగం కాదు. బయటివాళ్లు అప్లై చేసుకోవడానికి నోటిఫికేషన్ రాదు, పోటీ పరీక్ష ఉండదు. ఎన్‌సీసీ ఉన్న స్కూల్లోనో కాలేజీలోనో మీరు ముందే టీచరై ఉండాలి, అక్కడ ఆ బాధ్యత ఖాళీగా ఉండాలి, ప్రిన్సిపాల్ మీ పేరు పంపాలి, బెటాలియన్ వాళ్లు పిలిచి మాట్లాడాలి, మెడికల్‌లో పాసవ్వాలి. ఆ తర్వాత ప్రీ కమిషన్ కోర్సుకి వారాల తరబడి ఇల్లు వదిలి వెళ్లాలి, ఆడవాళ్లకైతే గ్వాలియర్‌లో, మగవాళ్లకి నాగ్‌పూర్ పక్కన కామ్టీలో. ఇవన్నీ అయితేనే ర్యాంకు. ఇందులో మీ అమ్మాయి చేతిలో ఉన్నది టీచర్ కావడం ఒక్కటే, మిగతావన్నీ ఆ రోజుకి ఆ కాలేజీలో పరిస్థితి ఎలా ఉంటే అలా.

ఇంకొక విషయం, ఇది చాలామందికి తెలియదు. బీఈడీ చేసి హైస్కూల్లో చేరితే వచ్చేది లెఫ్టినెంట్ ర్యాంకు కాదు. స్కూల్ విభాగం వాళ్లు థర్డ్ ఆఫీసర్‌గా మొదలై సెకండ్ ఆఫీసర్, ఫస్ట్ ఆఫీసర్, చీఫ్ ఆఫీసర్ అలా పైకి వెళ్తారు. లెఫ్టినెంట్, కెప్టెన్, మేజర్ అనేవి కాలేజీ విభాగం వాళ్లవి. కాలేజీ లెక్చరర్ కావాలంటే పీజీ కావాలి, నెట్ లాంటి అర్హత పరీక్ష పాసవ్వాలి, బీఈడీ ఒక్కటే ఉంటే సరిపోదు. అంటే మీరు చూసి ముచ్చటపడ్డ స్టార్లు ఒకచోట ఉన్నాయి, మీరు పిల్లను ఎక్కిస్తున్న బండి ఇంకోచోటికి వెళ్తోంది.

డబ్బు సంగతి క్లుప్తంగా: నెలకి కొంత గౌరవవేతనం ఇస్తారు, యూనిఫామ్‌కీ క్యాంపుకీ అలవెన్సులు ఉంటాయి. బతుకు గడిచేది మాత్రం టీచర్ జీతంతోనే. యుద్ధానికి పంపరు, ఆ భయం అక్కర్లేదు.

పని మాత్రం బోలెడు ఉంటుంది. మీ బంధువుని ఒకసారి కూర్చోబెట్టి అడగండి, ఆగస్టు 15 పరేడ్‌లో తీసిన ఫొటో గురించి కాదు, మామూలు ఆదివారం పొద్దున్న ఏం చేస్తారో అడగండి. పరేడ్‌కి పిల్లలు వచ్చారా లేదా చూడాలి, వాళ్ల టిఫిన్ బిల్లులు పంపాలి, షూలూ బెల్టులూ స్టోర్ రిజిస్టర్‌లో లెక్క తేలాలి, పేర్ల జాబితాలు మళ్లీ మళ్లీ తయారుచేయాలి, పది రోజుల క్యాంపులో ఏ పిల్లకి జ్వరమొచ్చినా రాత్రి లేచేది ఆ మేడమే. మిగతా లెక్చరర్లు ఇళ్లకి వెళ్లిపోయాక ఈవిడ గ్రౌండ్‌లో ఉంటుంది. ఇష్టం ఉన్నవాళ్లు దీన్ని ప్రాణంగా చేస్తారు, అలాంటి ఏఎన్‌ఓల చేతిలో పడిన పిల్లలు ఎలా మారిపోతారో నేను కళ్లారా చూశాను. ర్యాంకు కోసం మాత్రమే వచ్చినవాళ్లు మాత్రం రెండేళ్లకే ఎవరికి అప్పగిద్దామా అని చూస్తుంటారు.

ఇక బీఈడీ. ఈ మధ్య మన సరిహద్దు ఊళ్లలో ఏం చేయాలో తోచని ప్రతి డిగ్రీ పిల్లనీ బీఈడీలో పడేయడం ఫ్యాషనైపోయింది, దీనిమీద నాకు చాలా అనుమానాలున్నాయి. రెండేళ్లు, ఫీజులు, ఆ తర్వాత టెట్, ఆ తర్వాత పోస్టులు ఎప్పుడు పడతాయా అని ఎదురుచూపు. మన తెలుగువాళ్లకి దీనికి తోడు భాష గొడవ ఒకటి ఉంది. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగానికి ఏడో తరగతి స్థాయిలోనైనా ఒడియా పాసై ఉండాలని అడుగుతారు. మీ అమ్మాయి ఇంగ్లిష్ మీడియంలో హిందీ, సంస్కృతం తీసుకుని చదివిందా? అలాగైతే ఆ కాగితం సంగతి ఇవాళే చూసుకోండి, ఇంట్లో పక్కింటివాళ్లతో ఒడియా గడగడా మాట్లాడినంత మాత్రాన అది సర్టిఫికెట్ కాదు. పార్వతీపురం దాటి ఆంధ్రాలో డీఎస్సీ రాయిద్దాం అనుకుంటే, రాయగడలో చదివిన పిల్ల అక్కడ నాన్ లోకల్. మహారాష్ట్ర వైపు ఉన్న మనవాళ్లకీ మరాఠీతో ఇలాంటి చిక్కులే. చదువు చెప్పడం మీద ఇష్టముంటే ఇవన్నీ దాటొచ్చు, ఎంతోమంది దాటారు. ఇష్టం లేని పిల్లని, అదీ ఎప్పుడో రావొచ్చో రాకపోవచ్చో తెలియని యూనిఫామ్‌ని ఎరగా చూపించి ఈ దారిలోకి తోయడమే నాకు నచ్చనిది.

ఇప్పుడు కాస్త గట్టిగా మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. మీ ఉత్తరంలో మీ బంధువు గౌరవం ఉంది, ఇంటి దగ్గర ఉండటం ఉంది, అమ్మాయి ఏమంటోందో ఒక్క వాక్యంలో తేల్చేశారు, అదీ "పట్టుబడుతోంది" అని. అది మొండితనం ఎలా అవుతుంది? రెండేళ్లుగా పొద్దున్నే లేచి గ్రౌండ్‌కి వెళ్తున్న పిల్ల తనకేం కావాలో చెబుతోంది. మీరు భయపడుతున్నారు, ఆ మాట పైకి అనలేక పార్ట్ టైమ్ అంటున్నారు. ఆడపిల్ల ఎక్కడో కశ్మీర్‌లో ఉంటే పెళ్లి ఎలా, ఏదైనా జరిగితే ఎలా అనే కదా? ఆ భయం తప్పని నేననను, నాకూ ఆడపిల్లలున్నారు. కానీ భయాన్ని కెరీర్ ప్లాన్ అని పేరు పెట్టి పిల్ల ముందు పెడితే, ఇంకో పదేళ్లకి ఆ పిల్ల స్టాఫ్ రూమ్‌లో కూర్చుని మిమ్మల్నే తలుచుకుంటుంది, అదీ మంచిగా కాదు.

నిజానికి తనకి ఎదురుగా ఒక తలుపు తెరిచే ఉంది. ఎన్‌సీసీలో బీ తర్వాత వచ్చే సీ సర్టిఫికెట్ కనీసం బీ గ్రేడ్‌తో, డిగ్రీలో 50 శాతం మార్కులతో ఉంటే ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీలో రాత పరీక్ష లేకుండా నేరుగా ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూకి పోవచ్చు. వయసు 19 నుంచి 25 లోపు, పెళ్లి కాకూడదు. ఎంపికైతే చెన్నై అకాడమీలో 49 వారాల ట్రైనింగ్, మొదట పదేళ్ల సర్వీసు, ఇష్టమైతే ఇంకో నాలుగేళ్లు. 2020లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక ఆడవాళ్లకి పర్మనెంట్ కమిషన్, అంటే రిటైరయ్యేదాకా ఆఫీసర్‌గా కొనసాగే దారి కూడా బాగా తెరుచుకుంది. ఒక నిజం దాచను, ఈ ఎంట్రీలో అమ్మాయిల సీట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. రాకపోయే అవకాశమే ఎక్కువ. అందుకే సైన్యంలో ఆఫీసర్ల కోసం పెట్టే సీడీఎస్, ఎయిర్‌ఫోర్స్ వాళ్ల ఏఎఫ్‌క్యాట్ పరీక్షలు కూడా పక్కనే రాస్తూ ఉండాలి. ఎస్‌ఎస్‌బీ నేర్పిస్తామని లక్షలు అడిగే అకాడమీల వైపు మాత్రం పరుగెత్తకండి. అక్కడ ఐదు రోజులూ చూసేది పిల్ల ఎలా ఆలోచిస్తుంది, పదిమందిలో ఎలా మసలుతుంది అన్నదే, దానికి క్యాంపుల్లో సీనియర్‌గా నిలబడ్డ అనుభవం చాలావరకు పనికొస్తుంది.

ఇంకోటి గమనించండి, 25 దాటితే ఈ ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీ తలుపు మూసుకుపోతుంది. బీఈడీ 27కీ చేయొచ్చు, పీజీ 30కీ చేయొచ్చు. మీరు ముందు చేయించాలనుకున్నది తర్వాతైనా ఎక్కడికీ పోదు. రేపు తను నిజంగానే టీచరైతే, సీ సర్టిఫికెట్ ఉన్న మేడమ్ అంటే ఏ ప్రిన్సిపాలైనా సంతోషిస్తారు, ఎందుకంటే గర్ల్ క్యాడెట్లని చూసుకోవడానికి ముందుకొచ్చే లేడీ స్టాఫ్ చాలా కాలేజీల్లో దొరకడం లేదు. కాబట్టి ఏఎన్‌ఓ గురించి ఇప్పుడు టెన్షన్ పడాల్సిన పని అసలు లేదు.

టెరిటోరియల్ ఆర్మీ గురించి అడిగారు. అది వేరే. అక్కడ క్యాడెట్లకి శిక్షణ ఇవ్వరు, మామూలు ఉద్యోగమో వ్యాపారమో చేసుకునేవాళ్లు ఏడాదికి రెండు నెలలు సైన్యంతో శిక్షణ తీసుకుని అవసరమైనప్పుడు పిలిస్తే వెళ్లాలి. 18 నుంచి 42 ఏళ్ల వరకు అవకాశం, కానీ సొంత సంపాదన ఉన్నవాళ్లే అర్హులు. టీవీలో ధోనీని ఆ యూనిఫామ్‌లో చూసి చాలామంది అడుగుతున్నారు, ఆయనది గౌరవ ర్యాంకు. ఇంకా జీతమే లేని మీ అమ్మాయికి ప్రస్తుతానికి దాంతో పని లేదు. ఎన్‌సీసీలోనే పూర్తికాలం పనిచేసే మహిళా ఆఫీసర్లు కూడా ఉంటారు, నోటిఫికేషన్ పడినప్పుడు చూసుకోవచ్చు, దాన్నే నమ్ముకుని కూర్చోకూడదు.

ఇప్పుడు చేయాల్సింది ఒక్కటే పెట్టుకోండి. మూడో ఏడాది ఇంట్లో పెళ్లిళ్లనీ, మజ్జిగౌరమ్మ జాతరనీ పరేడ్లు, క్యాంపు మానిపించకండి, హాజరు తగ్గితే సీ సర్టిఫికెట్ పరీక్షకే కూర్చోనివ్వరు. స్పెషల్ ఎంట్రీ నోటిఫికేషన్ రాగానే అప్లై చేయించండి. ఇంటర్వ్యూ భోపాల్‌లో పడితే, మీకంత బెంగగా ఉంటే మీరూ రైలెక్కండి, సెంటర్ గేటు వరకు దింపి ఊళ్లో రూమ్ తీసుకుని ఉండండి. ఈసారి ఉత్తరం మాత్రం అమ్మాయి చేత రాయించండి.