పట్టా అందుకోని పునీతుడు

ప్రశ్న: 2025 సెప్టెంబరు 7న రోములో కార్లో అకూతిస్ అనే ఇటలీ బాలుడితో పాటు పియెర్ జార్జియో ఫ్రస్సాటి అనే ఇంజనీరింగ్ విద్యార్థిని కూడా పునీతుడిగా (కతోలిక సెయింటుగా) ప్రకటించారు. ఆయన గురువు (ఫాదర్) కారు, విశ్వాసం కోసం ప్రాణమిచ్చిన వేదసాక్షి కారు, మఠమేదీ స్థాపించలేదు. 24 ఏళ్లకే జబ్బుతో పోయారు. ఏం చేశారని ఈ గౌరవం? మా అబ్బాయి ఇంజనీరింగ్ మూడో ఏడు. బ్యాక్‌లాగులు పెట్టుకుని విచారణ (పారిష్) యువజన సంఘం పనులంటూ తిరుగుతున్నాడు. అదేమంటే ఈయన పేరే చెబుతున్నాడు.
– ఒక తల్లి, ఏలూరు

జవాబు: ఫ్రస్సాటి 1901 ఏప్రిల్ 6న ఇటలీలోని టూరిన్‌లో కలవారింట పుట్టారు. తండ్రి 'లా స్టాంపా' పత్రిక అధిపతి, సెనేటరు, కొంతకాలం జర్మనీలో ఇటలీ రాయబారి. ఆయనకు దైవభక్తి లేదు. తల్లి చిత్రకారిణి. కొడుకు లాటిన్ పరీక్ష తప్పడంతో అతణ్ణి యేసుసభ (జెస్యూట్) గురువుల పాఠశాలకు మార్చారు. అనుదినం పూజలో దివ్యసత్ప్రసాదం (కమ్యూనియన్) స్వీకరించే అలవాటు ఆయనకు అక్కడే అబ్బింది. 1918లో పేదలకు సాయపడే విన్సెంట్ డి పాల్ సభలో చేరి, పేదల ఇళ్లకు వెళ్లడం మొదలుపెట్టారు. అదే కాలంలో టూరిన్ పాలిటెక్నిక్‌లో గనుల ఇంజనీరింగ్‌లో చేరారు. గని కార్మికుల మధ్య ఉండి వారికి మేలు చేయాలన్నదే ఆ చదువు ఎంచుకోవడానికి కారణం. 1922లో డొమినికన్ మఠసభకు అనుబంధంగా గృహస్థుల కోసం ఉండే మూడవ సభలో సభ్యులయ్యారు.

ఆయన కొండలెక్కే ఫోటోలే నేడు యువజన సభల్లో ఎక్కువగా కనిపిస్తాయి. నిజమే, స్నేహితులతో ఆల్ప్స్ పర్వతాలెక్కేవారు, పైపు కాల్చేవారు, ఫాసిస్టులను బాహాటంగా ఎదిరించేవారు. అయితే ఆ ఫోటోలకంటే నాకు ముఖ్యంగా తోచేది ఒక చిన్న చీటీ. 1925 జూన్ నెలాఖరున ఆయనకు పోలియో సోకింది. పరామర్శించడానికి వెళ్లిన రోగుల నుంచే అది అంటిందని భావిస్తారు. అదే సమయంలో అమ్మమ్మ మరణశయ్యపై ఉండటంతో, పక్క గదిలో కుర్రవాడి కాళ్లు చచ్చుబడుతున్న సంగతి ఇంట్లో ఎవరూ సకాలంలో గుర్తించలేదు. చనిపోవడానికి ముందు రోజు, స్వాధీనం తప్పుతున్న చేత్తో, చదవడానికి కష్టమయ్యే అక్షరాలతో ఆయన మిత్రుడికి రెండు పనులు రాసి అప్పగించారు: ఒక పేదవాడికి ఇంజెక్షన్లు అందజేయాలి, మరొకరి తాకట్టు రసీదు గడువును తన ఖర్చుతో పొడిగించాలి. జూలై 4న కన్నుమూశారు. శవయాత్రకు నగరంలోని పేదలు వీధుల నిండా రావడం చూసి తల్లిదండ్రులు విస్తుపోయారు. తమ కొడుకు ఇన్నేళ్లుగా ఎవరి గడపలు తొక్కుతున్నాడో వారికి అప్పటిదాకా తెలియదు.

మీరడిగిన 'ఏం చేశారు'కు జవాబు ఇదే. వేదసాక్షి మరణం ఒక్క రోజులో పదిమందికీ తెలిసిపోతుంది. ఇటువంటి జీవితాన్ని మాత్రం సాక్షుల్ని వెతికి, ఒక్కొక్కరినీ విచారించి తేల్చుకోవాలి. ఆయన విషయంలో 1932లో మొదలైన ఈ పరిశీలన మధ్యలో చాలాకాలం ఆగి, చివరికి 1990 మే 20న రెండవ జాన్ పాల్ పోపుగారు ఆయనను 'అష్టభాగ్యాల (కొండ ప్రసంగంలో యేసు చెప్పిన ఎనిమిది ధన్యతల) మనిషి' అని కొనియాడి, పునీత హోదాకు ముందు మెట్టైన ధన్యుడిగా ప్రకటించేదాకా సాగింది.

ఇక మీ అబ్బాయి సంగతి. ఫ్రస్సాటి చురుకైన విద్యార్థి కారు, చదువు ఆయనకు కష్టంగానే సాగింది. అయినా దాన్ని దేవుడు తనకప్పగించిన పనిగా భావించి, ఏడేళ్లపాటు వదలకుండా చదివారు. చనిపోయేనాటికి మిగిలినవి రెండే పరీక్షలు. పాలిటెక్నిక్ ఆయన పేర పట్టా ఇచ్చింది 2001లో. కాబట్టి బ్యాక్‌లాగులకు ఆయనను అడ్డం పెట్టుకోవడం కుదరదు. అలాగని సంఘం మాన్పించమనీ నేను చెప్పను. సంఘం పనులంటే అబ్బాయి ఉద్దేశంలో ఏమిటో ముందు అడగండి. బ్యానర్లు, స్టేజీ అలంకరణ, మీటింగులు అయితే పరీక్షలయ్యేదాకా వాయిదా వేయమనండి. ఏ రోగి ఇంటికో, ఏ ముసలామెకు మందులివ్వడానికో వెళుతుంటే మాత్రం వారానికో సాయంత్రం దానికి కేటాయించి, మిగిలిన సాయంత్రాలు పుస్తకం ముందు కూర్చోమనండి. వీలైతే ఒకసారి మీరూ వెంట వెళ్లి రండి.