ఆకులో పువ్వు జన్యువు ఎందుకు నోరు మెదపదు?

ప్రతి కణంలోనూ ఒకే డీఎన్‌ఏ ఉన్నప్పుడు ఆకులో పువ్వు జన్యువులు ఎందుకు పనిచేయవు, క్రొమాటిన్‌కి (డీఎన్‌ఏ, అది చుట్టుకునే ప్రోటీన్లు కలిసిన రూపానికి) అందులో పాత్ర ఎంత అని అడిగారు. ఇది నాకు ఒక ట్రే మొక్కల దగ్గర అర్థమైంది.

పీహెచ్‌డీ మొదటి ఏడాదిలో గ్రోత్ చాంబర్‌లో అరబిడాప్సిస్ పెంచేవాణ్ణి. ఆవాల కుటుంబానికే చెందిన చిన్న మొక్క అది. ఒక ట్రేలో మొక్కలన్నీ గిడసబారి, ఆకుల అంచులు పైకి లేచి దొప్పల్లా ముడుచుకున్నాయి. నీళ్లు చాలలేదేమోనని రెండు రోజులు టెన్షన్ పడ్డాను. సీనియర్ అక్క వచ్చి, "లేబుల్ చదవలేదా? అది కర్లీ లీఫ్ మ్యూటెంట్, అలాగే ఉంటుంది" అని నవ్వింది. అంటే కర్లీ లీఫ్ అనే జన్యువు చెడిపోయిన మొక్కలన్నమాట.

డీఎన్‌ఏ హిస్టోన్లనే ప్రోటీన్ల చుట్టూ కండెకు దారంలా చుట్టుకుని ఉంటుంది. కర్లీ లీఫ్ జన్యువు తయారుచేసే ఎంజైమ్ హెచ్3 అనే హిస్టోన్‌లో 27వ స్థానంలో ఉన్న లైసిన్ అనే అమైనో ఆమ్లానికి మూడు మిథైల్ గుంపులు తగిలిస్తుంది. ఆ గుర్తు పడిన చోట జన్యువు అణిగి ఉంటుంది. 1997లో ఈ జన్యువు వివరాలు బయటపడ్డప్పుడు, ఇది డ్రోసోఫిలా ఈగల్లో ఇతర జన్యువులను అణిచి ఉంచే పాలీకోంబ్ జన్యువుల చుట్టమేనని తేలింది.

ఆ ముడుచుకున్న ఆకుల నుంచి ఆర్‌ఎన్‌ఏ తీసి చూశాను. అగామస్ దండిగా కనిపించింది. కేసరాలను, అండకోశాన్ని తయారుచేయించే జన్యువది, ఆకులో దానికి పనేమీ లేదు. మామూలు మొక్కలో కూడా అగామస్‌ని బలవంతంగా అంతటా పనిచేయిస్తే ఆకులు ఇలాగే ముడుచుకుంటాయి.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఏ కణం ఏమవ్వాలో క్రొమాటిన్ ఒక్కటే తేల్చదు. మొగ్గలో అగామస్‌ని మేల్కొలిపేది లీఫీ, వుషెల్ ప్రోటీన్లు. క్రొమాటిన్ గుర్తు పని ఎక్కువగా కాపలా: ఒకసారి అణిచిన జన్యువు కణం ఎన్నిసార్లు విడిపోయినా అణిగే ఉండేలా చూడటం. కర్లీ లీఫ్ ఒక్కటే పోతే దాని తోబుట్టువు స్వింగర్ కొంత నెట్టుకొస్తుంది. రెండూ పోతే మొక్కే ఉండదు, ఆకో వేరో తెలియని కణాల ముద్ద మిగులుతుంది. నాకు అన్నిటికన్నా నచ్చేది, మొగ్గలో మూలకణాల పని ఆపించే నకల్స్ జన్యువు కథ. అగామస్ వచ్చి దాని మీదున్న పాలీకోంబ్ ప్రోటీన్లను తొలగిస్తుంది, అయినా అది వెంటనే మేల్కోదు. కణాలు విడిపోతూ పాత గుర్తు పలచబడాలి, దానికి దాదాపు రెండు రోజులు పడుతుంది.

మీరు ప్రయోగం చేయబోతున్నారని రాశారు కాబట్టి నా తప్పొకటి చెబుతాను. మొత్తం ఆకు నూరి చిప్ (ఏ జన్యువు మీద ఏ హిస్టోన్ గుర్తు ఉందో చూసే పరీక్ష) చేశాను. ఒకే జన్యువు మీద అణిచే గుర్తు, తెరిచే గుర్తు రెండూ కనిపించాయి. ల్యాబ్ మీటింగ్‌లో గొప్పగా చూపించాను. మా గైడ్ ఒకటే అడిగారు: "ఎన్ని రకాల కణాలు కలిపి నూరావు?"

పైపొర, లోపలి పచ్చని కణాలు, ఈనెలు అన్నీ ఒకే గొట్టంలో ఉన్నాయి మరి. ఒక రకంలో మూసి, ఇంకో రకంలో తెరిచి ఉన్నా నాకు అలాగే కనిపిస్తుంది. వీలైతే ఇంటాక్ట్ పద్ధతిలో, మీకు కావలసిన రకం కణాల కేంద్రకాలను మాత్రమే వేరుచేసుకుని మొదలుపెట్టండి.