పాపకు ఏకాగ్రత ఉంది, చేతిలో పట్టికే పలచగా ఉంది

ప్రశ్న: సార్, మాది మైదుకూరు దగ్గర పల్లె. నాలుగు ఎనుములు పెట్టుకుని పాలు పోసి బతుకుతున్నాం. మా పాప పదో తరగతి దాకా తెలుగు మీడియం. పోయినేడు బీఎస్సీ అయింది. బ్యాంకు క్లర్కు పరీక్షకు కడపలో కోచింగ్ తీసుకుంటోంది. లెక్కలు, రీజనింగ్ బాగానే చేస్తుంది, ఇంగ్లీషులోనే మార్కులు రావడం లేదు. సినానిమ్స్ (ఒకే అర్థం వచ్చే మాటల) పుస్తకం పట్టుకుని రాత్రి పది దాకా చదువుతుంది, తెల్లారేసరికి మర్చిపోతుంది. మొన్న మాక్ టెస్టులో 'కాన్సన్‌ట్రేటెడ్' అనే మాటకు వ్యతిరేక పదం తప్పు పెట్టి వచ్చి ఏడ్చింది. 'నాకు కాన్సన్‌ట్రేషన్ లేదు నాయనా' అంటోంది. ఇంకో కోచింగ్‌లో వేయమంటారా?

జవాబు: అన్నా, మీరు జత చేసిన ప్రశ్న చూశాను. 'నెవర్ స్ప్రే ద కాన్సన్‌ట్రేటెడ్ సొల్యూషన్ డైరెక్ట్‌లీ ఆన్ ద క్రాప్' అని వాక్యం. చిక్కటి మందును నీళ్లు కలపకుండా నేరుగా పైరు మీద కొట్టొద్దని అర్థం. వ్యతిరేక పదంగా పాప 'డిస్‌ట్రాక్టెడ్' పెట్టింది, అంటే మనసు చెదిరినది. సరైన జవాబు 'డైల్యూటెడ్'. అంటే నీళ్లు కలిపి పలచన చేసినది.

ఈ తప్పు ఏకాగ్రత లేక జరిగింది కాదు. పాప పుస్తకంలో కాన్సన్‌ట్రేట్ అంటే ఫోకస్ అని ఒక్క అర్థమే ఉంటుంది. దాన్ని గుర్తు పెట్టుకునే జవాబు రాసింది. రాత్రి పది దాకా కూర్చునే పిల్లకు శ్రద్ధ లేదని ఎలా అంటాం? ఆ మాట ఇంట్లో ఎవరూ అనకండి. పాపను కూడా అనుకోనివ్వకండి.

అమ్మా, ఇక్కడి నుంచి నీకే చెబుతాను. తెలుగు మీడియం అని బాధపడుతున్నావేమో. ఈ మాట విషయంలో అదే నీకు కలిసొస్తుంది. ఇంగ్లీషు వాళ్లు కాన్సన్‌ట్రేట్ అనే ఒక్క మాటను వాడే చోట మనం మూడు మాటలు వాడతాం. మనసు గురించి అయితే ఏకాగ్రత. రసాయన శాస్త్రంలో అయితే గాఢత. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం, విలీన సల్ఫ్యూరిక్ ఆమ్లం అని తొమ్మిది, పదిలో చదువుకునే ఉంటావు. అధికారమో జనాభానో ఒకచోట పోగుపడితే కేంద్రీకృతం. ఈ మూడూ నీకు ముందే తెలుసు. మూడింటికీ ఇంగ్లీషులో ఒకే మాట అని ఎవరూ చెప్పలేదు, అంతే.

ఆ మాట పుట్టుక చూస్తే మూడూ ఎందుకు కలిశాయో తెలుస్తుంది. లాటిన్‌లో 'సెంట్రమ్' అంటే కేంద్రం. చెదిరి ఉన్నదాన్ని ఒక కేంద్రానికి చేర్చడమే కాన్సన్‌ట్రేట్. చెదిరేది ఆలోచన కావచ్చు, జనం కావచ్చు, నీళ్లలో కరిగిన ఉప్పు కావచ్చు.

ఎండాకాలం కడపలో నన్నారి షర్బత్ తాగే ఉంటావు. బండి మీద సీసాలో నల్లగా, చిక్కగా ఉండే పాకమే కాన్సన్‌ట్రేట్. అక్కడ అది నామవాచకం. గ్లాసులో రెండు వేళ్ల మందం పోసి, నిమ్మకాయ పిండి, సోడా కొడతాడు చూడు, అది డైల్యూట్ చేయడం. పొయ్యి మీద పాలు కాచి కాచి కోవా చేస్తే అందులో నీళ్లు పోయి పాలసారం చిక్కబడుతుంది. దానికి కండెన్స్ అన్న మాట దగ్గరగా సరిపోతుంది. డబ్బా మీద 'కండెన్స్‌డ్ మిల్క్' అని రాసేది అందుకే. ఇక మీ ఇంట్లోనే ఇంకోటి ఉంది. పశువుల డాక్టర్లు వరిగడ్డి, చొప్పలాంటి పీచు మేతను ఒక రకంగా, చెనిక్కాయ చెక్క, తవుడు, మొక్కజొన్న కలిపిన దాణాను ఇంకో రకంగా లెక్కేస్తారు. ఆ దాణాను ఇంగ్లీషులో కాన్సన్‌ట్రేట్ అనే అంటారు. కొంచెం పెట్టినా బలం ఎక్కువ కాబట్టి. మీ నాయన రోజూ ఎనుములకు పెట్టేది నువ్వు పరీక్షలో తప్పు చేసిన మాటనే.

పరీక్షలో ఏ అర్థమో పట్టుకోవడానికి ఆ మాట పక్కన ఏముందో చూడు. పక్కన 'ఆన్' ఉంటే ఎక్కువసార్లు అది మనసు పెట్టడమే. 'ఇన్' ఉంటే ఒక చోట పోగుపడటం. మన మంగంపేట గనుల ముగ్గురాయి (బెరైటీస్) గురించి చెప్పాలంటే 'బెరైటీస్ డిపాజిట్స్ ఆర్ కాన్సన్‌ట్రేటెడ్ ఇన్ మంగంపేట' అంటాం. ద్రావణం, ఆమ్లం, రసం లాంటివి పక్కన కనిపిస్తే చిక్కదనం. వ్యతిరేక పదం కూడా దాన్ని బట్టే మారుతుంది. మనసుకైతే డిస్‌ట్రాక్ట్, పోగుపడిన వాటికి డిస్‌పర్స్ లేదా స్కాటర్ (చెదరగొట్టడం), ద్రవానికి డైల్యూట్.

మనవాళ్లు ఎక్కువగా పడే గుంట ఇంకోటి ఉంది. 'చదువులో శ్రద్ధ పెట్టు' అని మన నోటికి అలవాటు. ఆ 'లో' ఇంగ్లీషులోకి వచ్చి 'కాన్సన్‌ట్రేట్ ఇన్ స్టడీస్' అవుతుంది. అది తప్పు, 'కాన్సన్‌ట్రేట్ ఆన్' అనాలి. మళ్లీ 'చదువు మీద దృష్టి' అన్న అలవాటుతో 'పే అటెన్షన్ ఆన్' అని రాస్తారు. అదీ తప్పే, అక్కడ 'టు' రావాలి. తప్పులు వెతికే ప్రశ్నల్లో సరిగ్గా ఇలాంటివే అడుగుతారు.

సినానిమ్స్ అన్నీ కవల పిల్లలు కావు. కెమెరాను ఫోకస్ చేస్తాం, కాన్సన్‌ట్రేట్ చేయం. ఫోకస్ అంటే లాటిన్‌లో పొయ్యి. 1604లో ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ ఆ మాటను గణితంలో ఒక బిందువుకు వాడాడు. కటకం కిరణాలను చేర్చే బిందువుకూ అదే పేరు. భౌతికశాస్త్రంలో నాభి అని చదివావు కదా, అదే. ఇక 'అటెండ్' ఒక్కటే వస్తే హాజరు కావడం, 'అటెండ్ టు' అయితే పని చూసుకోవడం. బ్యాంకులో చేరాక మీటింగ్ అటెండ్ అవుతావు, కౌంటర్ ముందుకొచ్చిన కస్టమర్‌ను 'అటెండ్ టు' చేస్తావు. ఒక్క చిన్న 'టు' ఉద్యోగం పనినే మార్చేస్తుంది.

అందుకే ఆ సినానిమ్స్ పుస్తకం నెల రోజులు పక్కన పెట్టు. రెండు వందల పేజీల నోట్‌బుక్ ఒకటి కొనుక్కో. రోజుకు ఐదు మాటలు చాలు. ప్రతి మాటకూ మీ ఇంటి నుంచో ఊరి నుంచో ఒక సొంత వాక్యం రాయి. ఆ మాట పక్కన వచ్చే 'ఆన్', 'టు', 'ఇన్' కింద గీత పెట్టు. నువ్వు తప్పు చేసిన మందు వాక్యమే మొదటి పేజీలో ఉండాలి.

1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ తెలుగు నిఘంటువు ఇలాగే కట్టాడు. అర్థం ఒక్కటే రాసి వదలకుండా, ఆ మాట పద్యాల్లో, కావ్యాల్లో ఎలా వచ్చిందో వాక్యాలతో చూపించాడు. మన భాష కాని మనిషి మన మాటలు పట్టుకున్న పద్ధతి అది. కోచింగ్ నుంచి తీరిక దొరికిన రోజు ఎర్రముక్కపల్లెలో ఆయన పేరు మీదున్న గ్రంథాలయానికి వెళ్లి ఆ నిఘంటువు ఒక పేజీ తిరగేసి చూడు. వాక్యం లేని మాట ఎందుకు నిలవదో నీకే తెలుస్తుంది.

చదివే సమయం గురించి కూడా చెబుతాను. బ్యాంకు ఉద్యోగాలకు పరీక్షలు పెట్టే ఐబీపీఎస్ సంస్థ క్లర్కు ప్రిలిమ్స్ (మొదటి దశ పరీక్ష)లో ఇంగ్లీషుకు 30 ప్రశ్నలు, 20 నిమిషాలు. తప్పుకు పావు మార్కు కోత. కాబట్టి రాత్రి మూడు గంటలు ఏకబిగిన కూర్చోవద్దు. ఫోన్ వేరే గదిలో పెట్టి 20 నిమిషాలు ప్రశ్నలు చేయి, లేచి నీళ్లు తాగు, తప్పులు నోట్‌బుక్‌లో ఎక్కించు, మళ్లీ కూర్చో. పరీక్ష అడిగే నిలకడ ఆ 20 నిమిషాలదే. నిద్ర తగ్గించుకోవద్దు.

అన్నా, ఇంకో కోచింగ్‌కు ఇప్పుడే డబ్బు కట్టొద్దు. పాప నెల రోజులు నోట్‌బుక్ రాయనివ్వండి. తర్వాత రెండు మాక్ టెస్టులు రాయించి, మొన్నటి ఇంగ్లీషు మార్కుల పక్కన పెట్టి చూడండి. అప్పటికీ కదలకపోతే ఆ రెండు పేపర్లూ, నోట్‌బుక్కూ తీసుకుని పాపతో కలిసి రండి, ఏ రకం ప్రశ్నల్లో పోతోందో కూర్చుని చూద్దాం.