ముందు నది దగ్గరికి వెళ్ళు

చిరంజీవి చిన్నాకి,

పెద్దమ్మ ఆశీస్సులు. నీకు కెంటకీ రాష్ట్రంలోని లూయివిల్‌లో ఉద్యోగం వచ్చిందని అమ్మ ఫోన్‌లో చెప్పింది. చికాగో వస్తుందనుకుంటే ఎవరూ వినని ఊరు వచ్చిందని నువ్వు దిగులుపడుతున్నావట. ఆ ఊళ్ళో నేనూ మీ పెదనాన్నా 26 ఏళ్ళు కాపురం చేశాం. అందుకే ఈ ఉత్తరం.

నేను వెళ్ళిన కొత్తలో నాలుగేళ్ళ పాటు ఇల్లు, ఆఫీసు, ఇండియన్ స్టోరు, గుడి తప్ప ఏమీ చూడలేదు. రాజమండ్రి గోదావరి గట్టున పెరిగినదాన్ని, పక్కనే ఒహాయో పారుతుంటే అన్నాళ్ళు దాని మొహం చూడలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. నువ్వు అలా చెయ్యకు. సామాన్లు సర్దుకున్న మొదటి శనివారమే వంతెన దాటి ఇండియానా వైపు క్లార్క్స్‌విల్‌కి వెళ్ళు. అక్కడ ‘ఫాల్స్ ఆఫ్ ది ఒహాయో’ అనే పార్కు ఉంది.

పేరులో ఫాల్స్ అని ఉందని ఎత్తు నుంచి దూకే నీళ్ళ కోసం వెతక్కు. సున్నపురాయి పరుపు మీదుగా నది సుమారు రెండు మైళ్ళ దూరంలో 26 అడుగులు కిందికి దిగుతుంది, అంతే. కానీ ఊరు పుట్టింది ఆ 26 అడుగుల వల్లే. పిట్స్‌బర్గ్‌లో మొదలై మిసిసిపీలో కలిసేదాకా 981 మైళ్ళ నదిలో పడవలకి సహజంగా ఎదురయ్యే పెద్ద అడ్డంకి అదొక్కటే. నీళ్ళు తక్కువగా ఉన్నప్పుడు సరుకంతా ఒడ్డున దింపి, బళ్ళ మీద కిందివైపుకి చేర్చి, మళ్ళీ పడవకి ఎక్కించాలి. దింపడానికి కూలీలు, దాచడానికి గోదాములు, రాత్రికి తలదాచుకోవడానికి సత్రాలు, రాళ్ళ మధ్య దారి తెలిసిన పడవ సరంగులు. ఇలా ఒక్కొక్కరే చేరి ఊరయ్యారు. 1830లో కాలువ తవ్వి పడవలకి దారి ఇచ్చారు. అప్పటికే ఊరు నిలదొక్కుకుంది.

నాకు బాగా నచ్చే సంగతి ఇంకోటుంది. పడవల్ని ఆపిన ఆ రాతి పరుపు మీదే, నీళ్ళు లోతు లేక, అడవిదున్నల మందలు నది దాటేవి. అవి నడిచిన దారి దక్షిణ ఇండియానా అంతా అడ్డంగా సాగేది. షానీ లాంటి తెగలవాళ్ళు ఆ దారుల్లోనే వేటకి వచ్చేవాళ్ళు. అందుకని ఎవరైనా 1778లో జార్జ్ రోజర్స్ క్లార్క్‌తోనే ఈ ఊరి కథ మొదలైందని చెప్తే, అంతకుముందు ఎవరుండేవాళ్ళని అడుగు. క్లార్క్ అప్పటికి 25 ఏళ్ళ కుర్రాడు. బ్రిటిష్‌వాళ్ళ మీద యుద్ధానికి వెళ్తూ, వెంట వచ్చిన కుటుంబాల్ని నది మధ్య లంకలో దింపాడు. వాళ్ళు మొక్కజొన్న వేసుకున్నారు, దాన్నే కార్న్ ఐలాండ్ అన్నారు. ఇప్పుడు ఆ లంక కనపడదు, నీళ్ళ కిందికి పోయింది. మన లంక భూములు కోతకి పోవడం చూసినవాళ్ళం కాబట్టి అది విన్నప్పుడు నా మనసు కలుక్కుమంది. 1780లో వర్జీనియా శాసనసభ ఊరికి గుర్తింపు ఇచ్చింది, అప్పటికి కెంటకీ వర్జీనియాలో భాగం. స్వాతంత్ర్య యుద్ధంలో సాయం చేసిన ఫ్రాన్స్ రాజు పదహారో లూయీ పేరు పెట్టారు. అక్కడివాళ్ళు మాత్రం ‘లూవల్’ అని నోట్లోనే అనేస్తారు. ఆఫీసులో నువ్వూ అలాగే అను.

ఆ నదికి ఇటు కెంటకీలో బానిసత్వం ఉండేది, అటు ఇండియానాలో లేదు. లూయివిల్ నుంచి మనుషుల్ని పడవల్లో కిందికి, న్యూ ఆర్లీన్స్ దాకా తీసుకెళ్ళి అమ్మేవాళ్ళు. క్లార్క్ తమ్ముడు విలియం వెంట పసిఫిక్ సముద్రం దాకా వెళ్ళొచ్చిన యార్క్ కూడా బానిసే. తిరిగొచ్చాక స్వేచ్ఛ అడిగితే విలియం ఇవ్వలేదు. 2003లో యార్క్‌కి నగరంలో విగ్రహం పెట్టారు. వంతెన మీద నడుస్తున్నప్పుడు ఇది గుర్తుంచుకో నాన్నా. కొంతమందికి ఆ కాస్త నీళ్ళు దాటడమే బతుకు.

నడవడానికి బిగ్ ఫోర్ వంతెన మంచిది. పాత రైలు వంతెన అది, 2013లో నడిచేవాళ్ళకి తెరిచారు. సాయంత్రం వెళ్తే సరుకు మోసే పొడుగాటి బార్జీలు మెల్లగా కింద నుంచి పోతుంటాయి.

ఇక ఇల్లు. ఇది జాగ్రత్తగా చదువు. 1937 జనవరిలో వచ్చిన వరదకి ఊరు సగానికి పైగా మునిగింది, సుమారు 1,75,000 మంది ఇళ్ళు వదిలారు. అక్కడ నది 23 అడుగులు దాటితే వరద అంటారు. ఆ ఏడు, ఇప్పటి కొలత ప్రకారం, 52 అడుగులు వచ్చింది. తర్వాత వరద గోడ కట్టారు గానీ, గోడ ఉందని ధీమాగా ఉండకు. వానలకి మురుగు కాలువలు ఎగదన్నితే నీళ్ళు బేస్‌మెంట్‌లోకి వస్తాయి. మా మొదటి అద్దె ఇంట్లో అలాగే అయింది. ఇల్లు ఇచ్చినాయన ముందు ఒక్క మాటా చెప్పలేదు. పెళ్ళి ఆల్బమ్‌తో సహా రెండు అట్టపెట్టెలు పాడయ్యాయి. సంతకం పెట్టేముందు వరద మ్యాప్‌లో అడ్రసు చూసుకో. బేస్‌మెంట్ గోడల అడుగున మరకలు ఉన్నాయేమో, అక్కడ చేరిన నీళ్ళని బయటికి తోడే సంప్ పంప్ పనిచేస్తుందో లేదో నీ కళ్ళతో చూడు. బట్టలూ కాగితాలూ కింద పెట్టకు.

అమ్మావాళ్ళు వస్తామంటే మే మొదటి వారం వద్దను, డెర్బీ గుర్రప్పందేలకి హోటళ్ళు నిండిపోతాయి. ఆగస్టు నుంచి అక్టోబర్ లోపు రమ్మను. అప్పుడు నీళ్ళు తగ్గి, ఫాల్స్ దగ్గర రాతి పరుపు బయటపడుతుంది. అందులో సుమారు 39 కోట్ల ఏళ్ళ నాటి పగడపు శిలాజాలుంటాయి. ఏరుకోనివ్వరు గానీ వాటి మీద నడవచ్చు. రాయి జారుతుంది, అమ్మకి చెప్పులు వద్దు, బూట్లు వేయించు.

దవళేశ్వరంలో 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక ఇస్తారని మీ తాతయ్య రోజూ పేపర్లో చూసేవాడు గుర్తుందా? నువ్వూ ఒహాయో మట్టం చూడటం అలవాటు చేసుకో. మొదటి శనివారం సాయంత్రం ఫోన్ చేసి, ఎన్ని అడుగులుందో నాకు చెప్పు.

ప్రేమతో,
పెద్దమ్మ