రేసింగ్ చైర్ ఎక్కబోతున్న నీకు

తల్లీ,

వీల్‌చైర్ పరుగుపందేలకు రేసింగ్ చైర్ వచ్చేసిందని, వంద మీటర్లే నీ ఈవెంట్ అని రాశావు. చాలా సంతోషం. అయితే ముందు స్టార్ట్ గురించే మాట్లాడుకుందాం.

కాళ్లతో పరిగెత్తేవాళ్లకు తన్నుకుని లేవడానికి స్టార్టింగ్ బ్లాక్స్ ఉంటాయి. మనకు అవి లేవు, చైర్‌కు గేర్లూ లేవు. ఆగి ఉన్న చక్రాన్ని కదిలించడమే అన్నిటికన్నా కష్టం. తుపాకీ పేలగానే చేతులు గబగబా ఆడించాలనిపిస్తుంది. ఆ తొందర వద్దు. మొదటి కొన్ని తోపులు నిదానంగా అనిపించినా సరే, రిమ్‌ను, అంటే చక్రానికుండే తోపుడు రింగును, గ్లవ్స్‌తో అదిమిపట్టి పూర్తి బలంతో నెట్టు. ఛాతీ మోకాళ్ల మీదికి వాలి ఉండాలి. లేకపోతే ముందు చక్రం గాల్లోకి లేస్తుంది, బలమంతా వృథా. వేగం అందుకున్నాక ఇక అదిమిపట్టేది ఉండదు. గ్లవ్ బొటనవేలి వైపుతో రిమ్‌ను గుద్ది, కిందిదాకా తోసి వదిలేయాలి. దెబ్బ సరిగ్గా పడితే ఒక చప్పుడు, జారితే ఇంకో చప్పుడు. కళ్లతో చూసుకునే టైమ్ ఉండదు కాబట్టి ఆ తేడా చెవితో పట్టాలి. గ్లవ్స్ నీ చేతి కొలతకే చేయించుకో, ఇంకొకరివి వాడకు.

ఇక భుజాలు. నాకు అన్నిటికన్నా బెంగ వీటి గురించే. ట్రాక్ మీదా అవే, మంచం మీంచి కుర్చీలోకి మారాలన్నా అవే. ప్రాక్టీస్ లేని రోజు కూడా వాటికి సెలవుండదు. రోజూ ముందుకు నెట్టడమే కాబట్టి ఛాతీ బలపడుతుంది, వీపు వెనకబడుతుంది. అందుకే వెనక్కి లాగే వ్యాయామాలు తప్పనిసరి. నొప్పి తగ్గకపోతే ఓర్చుకోకు, ఫిజియోకు చూపించు. ఫిన్లాండ్ స్ప్రింటర్ లియో-పెక్కా టాహ్టి 2004 ఏథెన్స్ నుంచి 2016 రియో దాకా నాలుగు పారాలింపిక్స్‌లోనూ టీ54 (నడుం పైభాగం మీద పట్టున్న వీల్‌చైర్ రేసర్ల తరగతి) వంద మీటర్ల స్వర్ణం గెలిచాడు. భుజాలు నిలవనిదే అంతకాలం నిలవడం కుదరదు కదా!

సీట్లో ముడుచుకుని కూర్చుంటాం, స్పర్శ లేని చోట ఒరిపిడి తెలియదు. ప్రాక్టీస్ అయ్యాక అద్దంలో చర్మం చూసుకో. ఎరుపు తగ్గేదాకా మళ్లీ చైర్ ఎక్కొద్దు, పోటీ దగ్గర్లో ఉన్నా సరే.

క్లాసిఫికేషన్, అంటే నువ్వు ఏ తరగతిలో పోటీపడాలో తేల్చడం, గురించి టెన్షన్ వద్దు. చేతులు బాగుంటే, నడుం పైభాగం మీద పట్టు ఎంత ఉందన్నదాన్ని బట్టి టీ53 లేదా టీ54 ఇస్తారు. మెడికల్ కాగితాలు సిద్ధంగా పెట్టుకో.

వంద మీటర్లకే పరిమితమవుతానన్న మాట మాత్రం నాకు నచ్చలేదు. కెనడా వీల్‌చైర్ రేసర్ షాంటాల్ పెటిక్లెర్ 2008 బీజింగ్‌లో వంద నుంచి 1500 మీటర్ల దాకా ఐదు స్వర్ణాలు గెలిచింది. నువ్వు 400 కూడా తోయి. మలుపులో ముందు చక్రాన్ని తిప్పి ఉంచే కాంపెన్సేటర్‌ను సరైన క్షణంలో తట్టడం అలాగే అలవాటవుతుంది.

ఈ వారం స్టార్ట్‌ను పక్కనుంచి వీడియో తీయించి పంపు. మొదటి పది మీటర్లు చాలు, చేతులూ ముందు చక్రమూ రెండూ కనబడాలి.

ప్రేమతో,
మీ అత్త